తగ్గింపు ధర డెస్క్‌టాప్: బ్రాండెడా, అసెంబుల్డా, రీఫర్బిష్డా?

పండగ సేల్ మొదలైందంటే డెస్క్‌టాప్‌ల పక్కన ‘42 శాతం తగ్గింపు’ అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఆ శాతాన్ని అసలు పట్టించుకోకండి. అది ఎంఆర్‌పీ మీద వేసింది, ఆ ఎంఆర్‌పీకి ఆ సిస్టమ్‌ని మామూలు రోజుల్లో కూడా ఎవరూ కొనరు. మీరు వేసుకోవాల్సిన లెక్క వేరు. డబ్బాలో ఉన్నవాటిలో మీకు పనికొచ్చేవి బయట కొంటే ఎంతవుతుంది? పనికిరానివి మార్చడానికి ఇంకా ఎంత పెట్టాలి? ఎంత డబ్బు పెట్టినా మార్చలేనివి ఏవి? ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది వదిలేసేదీ అదే.

మన ముందు దారులు మూడు. హెచ్‌పీ, డెల్, లెనోవో, ఏసర్, ఏసస్ లాంటి కంపెనీలు తయారుగా అమ్మే బ్రాండెడ్ సిస్టమ్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో సామాన్లు ఎంచుకుని కట్టించుకునే అసెంబుల్డ్ సిస్టమ్. ఐటీ ఆఫీసులు వాడి వదిలేసిన బిజినెస్ డెస్క్‌టాప్‌ని శుభ్రం చేసి అమ్మే రీఫర్బిష్డ్ సిస్టమ్. నాలుగో రకం కూడా ఒకటి ఉంది. దాన్ని ముందే పక్కన పెట్టేద్దాం.

నంబరు లేని ‘ఐ5’ జోలికి వెళ్లొద్దు

‘కోర్ ఐ5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, మానిటర్‌తో సహా’ అంటూ నమ్మలేనంత తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో కనిపించేవి ఈ రకం. వాటిలో ఐ5 తర్వాత ఉండాల్సిన నంబరు ఉండదు. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో వెతికితే ఐ5-2400 అనో ఐ5-3470 అనో బయటపడుతుంది. మొదటిది 2011 నాటిది, రెండోది 2012 నాటిది. ఆ పాత ప్రాసెసర్‌ని కొత్తగా తయారైన హెచ్‌61 అనే పాత రకం మదర్‌బోర్డు మీద బిగించి, మెరిసే క్యాబినెట్‌లో పెట్టి ‘కొత్త పీసీ’ పేరుతో అమ్ముతారు. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతది, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కొన్న రోజే ఆ సిస్టమ్‌కి కాలం చెల్లిపోయినట్టు. ఇక ఆ 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఎప్పుడూ జీటీ 710 లేదా జీటీ 730 అయి ఉంటుంది. జీటీ 710 కన్నా ఐ5-12400 లోపలే ఉండే యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ మెరుగు.

తరం గుర్తుపట్టడం తేలిక. ఐ5 తర్వాత ఐదంకెలుంటే మొదటి రెండూ తరం: 13400 అంటే 13వ తరం. నాలుగంకెలుంటే మొదటిదే తరం: 8500 అంటే 8వ తరం. చివర్లో ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ లేనట్టు, కార్డు లేకుండా తెరపై బొమ్మే రాదు. హెచ్ లేదా యూ ఉంటే అది ల్యాప్‌టాప్ ప్రాసెసర్. బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి తర్వాత మార్చుకునే వీలుండదు. ఆల్ ఇన్ వన్‌లలో, మినీ పీసీల్లో ఇది మామూలే కానీ ఈ మధ్య కొన్ని పెద్ద క్యాబినెట్ డెస్క్‌టాప్‌లలో కూడా ఐ5-13420హెచ్ లాంటివి వస్తున్నాయి. ఐ5-13400లో పది కోర్లుంటే దీంట్లో ఎనిమిదే. రెండిటి పేరులోనూ ‘13వ తరం ఐ5’ అనే ఉంటుంది, జాగ్రత్త.

లెక్క వేయడం

అమ్మే పేజీలోంచి ప్రాసెసర్ పూర్తి నంబరు, బోర్డు చిప్‌సెట్ (హెచ్610 లాంటి పేరు), ర్యామ్ రకం, స్టిక్కులు ఎన్ని, ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈనా (వేగమైన రకం) సాటానా (పాత, నెమ్మది రకం), గ్రాఫిక్స్ కార్డు మోడల్, దాని మెమరీ, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) వాట్లు రాసుకోండి. అదే జాబితా పట్టుకుని రెండు షాపుల్లో జీఎస్టీతో కలిపి కొటేషన్ అడగండి. పేజీలో ఏదైనా వివరం దాచారంటే దాంట్లో చౌక రకమే పెట్టారని అనుకుని లెక్క వేయండి.

ఇప్పుడు రెండు ఉదాహరణలు చూద్దాం. ఇక్కడి ధరలు లెక్క చూపించడానికి వేసుకున్నవే, మీ ఊళ్లో ఆ రోజు ధరలు వేసుకోండి.

మొదటిది ఆఫీసు, ఇంటి పనులకు పనికొచ్చే బ్రాండెడ్ టవర్, సేల్ ధర 52,000. లోపల ఐ5-13400, 16 జీబీ, 512 జీబీ ఎన్‌వీఎంఈ, వైఫై, కీబోర్డు, మౌస్, విండోస్ 11 హోమ్. బయట ప్రాసెసర్ 17,500, హెచ్610 బోర్డు 6,000, ర్యామ్ 12,000, ఎస్‌ఎస్‌డీ 5,500, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ కలిపి 5,000, వైఫై, కీబోర్డు, మౌస్ 2,000 అనుకుంటే మొత్తం 48,000. అసలైన విండోస్‌కి ఇంకో 10,000 కలిపితే 58,000. విండోస్ కావాలంటే బ్రాండెడ్ 6,000 చవక. ఉబుంటు వాడేవారికి, లేదా ఇదివరకే రిటైల్ లైసెన్స్ ఉన్నవారికి అసెంబుల్డ్ 4,000 చవక. పైగా రేపు ఏ ముక్క కావాలన్నా మార్చుకోవచ్చు. ఆఫీసు రకం డెస్క్‌టాప్‌లలో సేల్ ధర నిజంగా గిట్టుబాటు కావడం తరచూ జరిగేదే, ఎందుకంటే కంపెనీకి విండోస్, ప్రాసెసర్ టోకున మనకన్నా బాగా తక్కువకు పడతాయి.

రెండోది ‘గేమింగ్ పీసీ’, సేల్ ధర 72,000. ఐ5-12400ఎఫ్, హెచ్610, 8 జీబీ ఒకే స్టిక్కు, 512 జీబీ, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, విండోస్ 11. విడిగా కొంటే అదే వరుసలో 11,000, 6,000, 6,000, 5,500, 17,500, 3,000, క్యాబినెట్ 3,000. మొత్తం 52,000, విండోస్‌తో 62,000. అంటే పది వేలు ఎక్కువ పెడుతున్నారు, అది కూడా 8 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకుని. విండోస్ సంగతి విడిగా చూసుకోగలిగితే అదే 72,000కి సీటీసీలో ఆర్‌టీఎక్స్ 5060 కార్డు (30,000 అనుకుందాం), 8 జీబీవి రెండు స్టిక్కులు, 1,500 ఎక్కువ పెట్టి మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ వేసుకోవచ్చు. గేమ్‌లో ఈ రెండు సిస్టమ్‌లకూ పోలికే లేదు.

గ్రాఫిక్స్ కార్డు పేరులో కూడా మోసపోయే చోటుంది. ఆర్‌టీఎక్స్ 3050 రెండు రకాలు: 8 జీబీ దాంట్లో 2,560 సీయూడీఏ (CUDA) కోర్లు, 128 బిట్ మెమరీ బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు), 6 జీబీ దాంట్లో 2,304 కోర్లు, 96 బిట్. తేడా మెమరీలో మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆర్‌టీఎక్స్ 3060లోనూ 12 జీబీది 192 బిట్, 8 జీబీది 128 బిట్. పేజీలో ‘ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్’ అని మాత్రమే ఉంటే ఎన్ని జీబీయో రాతపూర్వకంగా అడగండి.

ఇంకో విషయం ఈ లెక్కని ఇటీవల బాగా తారుమారు చేసింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్లించడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఎస్‌ఎస్‌డీలూ అదే దారి పట్టాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. అందుకే ధరలు పెరగకముందు తయారై గోడౌన్‌లో ఉన్న 16 జీబీ, 32 జీబీ బ్రాండెడ్ సిస్టమ్ పాత ధరకే దొరికితే, ఆలోచించాల్సిన అవకాశమే. ఒకప్పుడు ‘8 జీబీది తీసుకుని తర్వాత ఇంకో స్టిక్కు వేసుకోండి’ అనేది మంచి సలహా. ఇప్పుడు ఆ రెండో స్టిక్కు ధర చూసుకున్నాకే ఆ మాట అనుకోవాలి. షాపులో ఇచ్చిన కొటేషన్‌ కూడా వారం తర్వాత చెల్లుతుందని ఆశ పెట్టుకోకండి.

మూత తీస్తే కనిపించేవి

బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో అసలు చిక్కు ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఉంటుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్లలో మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, కంపెనీ సొంత ఆకారంలో చిన్న కనెక్టర్ ఉంటుంది. వాట్లు కూడా సాధారణంగా 180 నుంచి 310 లోపు. గ్రాఫిక్స్ కార్డుకి కావాల్సిన 6 పిన్నుల, 8 పిన్నుల వైరు చాలావాటిలో ఉండదు. బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు, బోర్డు మారుద్దామంటే క్యాబినెట్‌లో స్క్రూ రంధ్రాలు కలవకపోవచ్చు. ఇలాంటిదాంట్లో ధైర్యంగా వేసుకోగలిగింది స్లాట్ నుంచే కరెంటు తీసుకునే కార్డు, అంటే 75 వాట్ల లోపుది. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అందులో ఒకటి. కాబట్టి ‘ఇప్పుడు ఇది కొని రెండేళ్ల తర్వాత మంచి కార్డు వేద్దాం’ అనే ఆలోచన ఉంటే బ్రాండెడ్ ఆఫీసు డబ్బా వద్దు, తగ్గింపు ఎంత ఉన్నా సరే.

అసెంబుల్డ్‌లో ఇదే ఎస్‌ఎంపీఎస్ ఇంకో రకంగా ముంచుతుంది. క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చే దాని మీద 450 వాట్స్ అని ఉంటుంది. పక్కకి తిప్పి లేబుల్ చదవండి. +12 వోల్ట్ గడిలో 18 ఆంపియర్లు అని ఉంటే, 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్ట్ లైన్ నుంచే. ఐ5-12400ఎఫ్ బిగువున 117 వాట్ల దాకా వెళ్తుంది, ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే 115 వాట్లు. కలిపితే 232. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ ఇంకా కలపనేలేదు. డెస్క్‌టాప్ మీద, బ్రౌజర్‌లో అంతా బాగానే ఉంటుంది. గేమ్ మొదలైన కాసేపటికి సిస్టమ్ ఠక్కున ఆగిపోయి రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు షాపువాళ్లు విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, ర్యామ్ మారుస్తారు, తప్పు మాత్రం అక్కడ ఉండదు. అసెంబుల్డ్ కట్టిస్తే ఎస్‌ఎంపీఎస్ విడిగా, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తింపు) రకం, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నది అడిగి వేయించుకోండి. ఈ ఒక్క ముక్క దగ్గర బేరం ఆడొద్దు.

యూపీఎస్ కూడా దీంతో ముడిపడినదే. బజారులో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ఆఫీసు సిస్టమ్‌కి చాలు, గేమింగ్ సిస్టమ్‌కి 1000 వీఏ చూసుకోండి.

తర్వాత కూలర్. ఐ7-13700 మీద ‘65 వాట్స్’ అని రాసి ఉంటుంది కానీ పూర్తి వేగంలో అది 219 వాట్ల దాకా అడుగుతుంది. చిన్న బ్రాండెడ్ క్యాబినెట్‌లో, అరచేతిలో పట్టే కూలర్ కింద కొద్దిసేపు ఆ వేగం చూపించి, తర్వాత 65 వాట్లకు దిగిపోతుంది. చిన్న పనుల్లో తేడా తెలియదు, గంటసేపు వీడియో రెండర్ పెడితే తెలుస్తుంది. అలాంటి డబ్బాలో ఐ5 నుంచి ఐ7కి పదిహేను వేలు ఎక్కువ పెట్టడం కన్నా ఆ డబ్బు ర్యామ్‌కి పెట్టడం నయం. 13, 14 తరాల ఐ7, ఐ9లకి ఇంకో జాగ్రత్త ఉంది. వోల్టేజీ లోపం వల్ల వీటిలో కొన్ని క్రమంగా దెబ్బతిన్నాయి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చి, బాక్స్ ప్రాసెసర్ల వారంటీని మరో రెండేళ్లు పెంచింది. కానీ అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని అప్‌డేట్ బాగుచేయదు. కాబట్టి ఈ తరాల ఐ7, ఐ9 ఉన్న పాత స్టాకుని చవగ్గా ఇస్తుంటే, 2024 సెప్టెంబర్ తర్వాతి బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) వచ్చిందో లేదో కంపెనీ సపోర్ట్ పేజీలో చూసి, మొదటి రోజే ఎక్కించండి.

ర్యామ్ ఒక్క స్టిక్కేనా రెండా అన్నది గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లలో చాలా ముఖ్యం. డీడీఆర్4-3200 ఒక స్టిక్కు సెకనుకి 25.6 జీబీ ఇస్తే, రెండు స్టిక్కులు 51.2 ఇస్తాయి. రైజెన్ 5 5600జీ లాంటివి లోపలి గ్రాఫిక్స్‌కి ఈ మెమరీనే వాడుకుంటాయి కాబట్టి ఒక్క స్టిక్కుతో ఇస్తే దాని బలంలో పెద్ద భాగం వృథా.

ఏ పనికి ఏది

డీటీపీ షాపుకి, మీసేవ తరహా సెంటర్‌కి, పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో పనిచేసేవారికి ఐ3-12100, 16 జీబీ బ్రాండెడ్ టవర్ చక్కగా సరిపోతుంది. సేల్‌లో వచ్చేది, ఆన్‌సైట్ వారంటీ ఉన్నది తీసుకోండి. ఫ్లెక్సీ డిజైన్లు చేసేవారికి ఫొటోషాప్ ఫైళ్లు భారీగా ఉంటాయి కాబట్టి 32 జీబీ పట్టే బోర్డు, నాలుగు స్లాట్లు ఉంటే మేలు. హెచ్610 బోర్డుకి రెండే స్లాట్లు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారు ఎఫ్ ప్రాసెసర్లు తీసుకోకూడదు. ఇప్పటి కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ (రంగుల వివరం ఎక్కువగా ఉండే వీడియో రకం) ఫైళ్లని 12వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ నేరుగా డీకోడ్ చేస్తుంది. ఆర్‌టీఎక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియాలో ఆ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే వచ్చింది. ఐ5-12400ఎఫ్‌తో ఆర్‌టీఎక్స్ 3060 ఉన్న ‘గేమింగ్’ సిస్టమ్‌ని తగ్గింపు చూసి కొంటే టైమ్‌లైన్ ఆగి ఆగి కదులుతుంది. అదే కార్డు, ఎఫ్ లేని ప్రాసెసర్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

పిల్లల చదువుకి, ఆన్‌లైన్ క్లాసులకి, కోడింగ్ నేర్చుకోవడానికి బడ్జెట్ తక్కువైతే రీఫర్బిష్డ్ వైపు వెళ్లండి. అక్కడ ఒకటే గీత: 8వ తరం కన్నా కిందకి వద్దు. డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 5060, 7060, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720, ఎం920 సురక్షితమైనవి. ఆప్టిప్లెక్స్ 7050, ఎలీట్‌డెస్క్ 800 జీ3 చూడ్డానికి అచ్చం వీటిలాగే ఉన్నా 6, 7 తరాలవి. ధరలో రెండు మూడు వేల తేడా చూసి వాటికి వెళ్లొద్దు. కొనేముందు బయాస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడండి. పాత ఆఫీసు వేసిన పాస్‌వర్డ్ ఉండిపోతే తర్వాత చాలా తిప్పలు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు తిరిగిందో, హెల్త్ శాతం ఎంతో చూడండి. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎలాగూ మార్చుకోవాల్సినవే, వాటిని మార్చే ఇవ్వమనండి.

బిల్లు, వారంటీ, మొదటి వారం

‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. ఆ బిల్లు లేకుంటే ప్రాసెసర్‌కి, బోర్డుకి ఉండే మూడేళ్ల వారంటీ అడగడానికి ఆధారమే ఉండదు. బిల్లులో ప్రతి ముక్క సీరియల్ నంబరూ రాయించండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులకైతే బిల్లే డబ్బు: 52,000 సిస్టమ్‌లో 18 శాతం జీఎస్టీ 7,932 రూపాయలు, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది.

బ్రాండెడ్‌కి మీ ఊరికి మనిషి వచ్చే ఆన్‌సైట్ వారంటీనా, మీరే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా అనేది అడగండి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్నవారికి ఈ తేడా మూడు నాలుగు వేలు విలువ చేస్తుందని నా అంచనా. పాత స్టాకులో వారంటీ ఇప్పటికే మొదలై ఉండొచ్చు. డబ్బా మీది సీరియల్ నంబరుని కంపెనీ సైట్‌లో కొట్టి ముగింపు తేదీ చూడండి. తక్కువ కనిపిస్తే బిల్లు పంపి తేదీ సరిచేయించుకోవాలి, అదీ మొదటి వారంలోనే.

డబ్బా విప్పేటప్పుడు సీలు దగ్గర్నుంచి ఆగకుండా వీడియో తీయండి. సిస్టమ్ ఆన్ చేశాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరవండి. ‘ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్’ అన్న మాట కనిపిస్తే మీకు ఇచ్చింది దొంగ విండోస్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే వేగం, రెండు స్లాట్లలో ఎన్ని నిండాయో తెలుస్తుంది. సీపీయూ-జెడ్‌లో ప్రాసెసర్ నంబరు, జీపీయూ-జెడ్‌లో కార్డు నంబరు బిల్లుతో సరిచూడండి. నకిలీ ఎన్విడియా కార్డు అయితే జీపీయూ-జెడ్ పేరు ముందే ‘ఫేక్’ అని చూపిస్తుంది. తర్వాత ప్రాసెసర్‌ని పూర్తి వేగంలో నడిపి పరీక్షించే సినీబెంచ్ అరగంట పెట్టి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి, వాట్లు గమనించండి. 95 డిగ్రీలు దాటి వేగం పడిపోతున్నా, మధ్యలో రీస్టార్ట్ అయినా, తెర ఫొటో తీసి రిటర్న్ గడువు లోపలే రీప్లేస్‌మెంట్ అడగండి. గడువు దాటాక ఇదే ఫిర్యాదు సర్వీస్ సెంటర్ క్యూలోకి వెళ్తుంది, సిస్టమ్ మారదు, ముక్కలు మాత్రమే మారతాయి.